నాలిక మీద పెట్టి చూసినవన్నీ

అమ్మే బెల్లం వేరు, తినే బెల్లం వేరు. ఈ సంగతి నాకు అక్షరాలకంటే ముందే తెలుసు. దేవరాపల్లి పక్కన మా పుట్టింట్లో చెరుకు ఆడే రోజుల్లో, పెనంలో పాకం పొంగు మీద ఉండగా బెల్లం వండే మనిషి కాగితం పొట్లం విప్పి తెల్లటి పొడి చెంచాడు చల్లేవాడు. నల్లగా ఉడుకుతున్న పాకం చూస్తుండగానే పసుపుపచ్చగా తేలేది. ఆ దిమ్మలు అనకాపల్లి మార్కెట్‌కి వెళ్లేవి. ఇంటికోసం మాత్రం పొడి వేయని పెనం ఒకటి విడిగా దించేవారు. ఆ నల్ల బెల్లం చూసి చుట్టాలు మొహం చిట్లిస్తే మా నాన్న నవ్వేవాడు. "పచ్చగున్నదల్లా మంచిదనుకుంటారు. అనుకోనీ, మనకేటి" అనేవాడు. అప్పట్నుంచి పచ్చగా మెరిసే దేన్ని చూసినా నాకు అనుమానమే. సీసా మీద ఆకు బొమ్మ వేసి 'సహజం' అని రాసి ఉంటే ఆ అనుమానం రెట్టింపవుతుంది.

అనుమానం పెనుభూతం అంటారు. నేను ఆ భూతాన్ని పెంచి పోషించి, దాని చేతికి ఇంటి తాళాలు కూడా ఇచ్చినదాన్ని. కూరగాయలవాడి తక్కెడ, పాలవాడి క్యాను, గ్యాసు బండ మీద సీలు, దేన్నీ ఊరికే నమ్మలేదు. అలా నమ్మకపోవడమే మంచి ఇల్లాలి లక్షణమని యాభై తొమ్మిదేళ్లు అనుకున్నాను.

మా అమ్మాయి పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో, ల్యాబులో పనిచేస్తుంది. అల్లుడు ఉద్యోగం మీద నెలలో ఇరవై రోజులు ఊళ్లో ఉండడు. కాన్పు సెలవు అయిపోయాక మనవణ్ణి పొద్దున్న ఏడింటికి నా దగ్గర దింపి, సాయంత్రం ఆరింటికి తీసుకుపోయేటట్టు ఏర్పాటు చేసుకుంది. మొదటి రోజు వాణ్ణి నా ఒళ్లో పెట్టే ముందు ఇల్లంతా తిరిగింది. బాత్రూము తలుపు వెనక చూసింది, సింకు కింద చూసింది, అటక మీదకి కూడా మెడ సాచి చూసింది.

"అమ్మా, వీడు ఇంకో నెలలో పాకుతాడు. నేల మీద ఏదుంటే అది నోట్లోకి పోతాది. ఈ ఫినాయిలు, యాసిడ్డు, బ్లీచింగు, బొద్దింకల సుద్ద, ఇవన్నీ ఇంట్లో ఉంటే వీణ్ణి ఇక్కడ ఉంచలేను. మా ఫ్యాక్టరీ దగ్గర క్రెష్ ఉన్నాది. అక్కడ ఏసేత్తాను" అంది.

నాకు కోపం వచ్చింది. దాన్ని పెంచింది ఆ ఫినాయిలు నేల మీదే కదా అనాలనిపించింది. కానీ కోపంకంటే భయం ఎక్కువ. మా ఆయన పోయి ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో ఆ ఇంట్లో నన్ను చూసి చేతులు చాచినవాడు వీడొక్కడే. వాడు లేని పగలు ఎంత పొడుగో నాకు తెలుసు. అందుకే నోరు మూసుకుని, ఆ సాయంత్రమే ఒక సిమెంటు గోనె తెచ్చి సీసాలన్నీ అందులో వేసి బయట పెట్టేశాను.

ఆ గోనె మూతి కట్టేటప్పుడే నాకొక నియమం పెట్టుకున్నాను. నేను నాలిక మీద పెట్టుకోలేనిది వాడు పాకే నేల మీద పెట్టకూడదు. నియమమంటే నియమమే. వంటసోడా నాకి చూశాను. వెనిగర్ చుక్క వేసుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. రాతి ఉప్పు సరే సరి. కుంకుడు రసం నాకిన పూట సాయంత్రం దాకా కాఫీ రుచి తెలియలేదు. ఎవరో తెలిసినావిడ తెచ్చిచ్చిన నేల తుడిచే సహజ ద్రవం సీసా మూత తీసి వేలు ముంచాను గానీ, నోటి దాకా తీసుకెళ్లలేకపోయాను. మల్లెపూల వాసన వచ్చింది. మల్లెపూలు లేకుండా మల్లెపూల వాసన వస్తే నాకు నిద్రపట్టదు. దాన్ని ఆవిడ ముందే కాలవలో పారబోశాను. ఆవిడ మళ్లీ మా గడప తొక్కలేదు.

కుంకుడు పొడి కథ కూడా అంతే. మెయిన్ రోడ్డు కిరాణా కొట్లో పొట్లం కొన్నాను. నీళ్లలో వేయగానే గిన్నె నిండా నురగ. కుంకుడు నురగ నాకు తెలియనిదా? వచ్చినట్టే వచ్చి కాసేపట్లో అణిగిపోతుంది. ఇది అణగలేదు. గిన్నె పట్టుకుని కొట్టుకే వెళ్లాను. "నేనేటీ కలపలేదు మామ్మగారూ, అది వచ్చిందే అలాగ" అన్నాడు కొట్టతను. కలిపినవాడెవడూ కలిపానని చెప్పడు. తర్వాత కాయలే కొని, సన్నికల్లు మీద నేనే చితక్కొట్టి, గింజలు ఏరి, రాత్రి నానబెట్టి పొద్దున్న పిసికి వడగట్టుకునేదాన్ని. చేతులు మొద్దుబారినా మనసు నిమ్మళంగా ఉండేది.

అన్నిటికంటే నేను నమ్మింది మాత్రం బెల్లం నీళ్లు. ఒక వంతు బెల్లం, మూడు వంతుల నిమ్మతొక్కలు, పది వంతుల నీళ్లు కలిపి మూడు నెలలు మగ్గబెడితే నేల తుడవడానికి అంతకు మించింది లేదని ఫోనులో ఎవరో చెప్పగా విన్నాను. చెప్పినవాళ్లను నమ్మలేదు గానీ బెల్లాన్ని నమ్మాను. అది కూడా అనకాపల్లి కొట్లలో దొరికే పచ్చ బెల్లం కాదు. మా తమ్ముడికి ఫోన్ చేసి ఇంటి పెనంలోని నల్ల దిమ్మ తెప్పించాను. బెల్లం మార్కెట్‌కి నడిచి పోయేంత దూరంలో ఉంటూ ఊరినుంచి బెల్లం తెప్పించుకున్నదాన్ని ఈ పట్నంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇక్కడ మా పనావిడ గురించి చెప్పాలి. ఆరేళ్లుగా మా ఇంట్లో చేస్తోంది. నలభై ఏళ్లుంటాయి. రైలు గేటు అవతల ఉంటుంది. ఆదివారం చర్చి కాబట్టి ఆ రోజు రాదు, మిగతా ఆరు రోజులూ వాన పడినా వస్తుంది. మాట తక్కువ. ఆ తక్కువ మాటల్లో కూడా నా కొత్త పద్ధతి మీద నమ్మకం లేదని దాచుకోలేదు.

"నురగ రాపోతే మురికి ఎలాగ పోతాదమ్మా?" అంది మొదటి రోజు.

బెల్లం నీళ్లు మగ్గడం మొదలయ్యాక ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇల్లంతా కల్లు పాకలాగ ఉన్నాదమ్మా. ఎవరైనా వత్తే ఏటనుకుంటారు?"

ఆ క్యాను మూత మొదటి నెలంతా రోజూ ఒకసారి వదులు చేయాలి, లేకపోతే లోపల గాలి పెరిగిపోతుంది. ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడుతో మూత ఎగిరి గోడకి తగిలింది. నిమ్మతొక్కలు సీలింగుకి అంటుకున్నాయి. ఒళ్లంతా బెల్లం నీళ్లతో నేనూ, నన్ను చూసి నవ్వుతూ వాడూ. "మూత నువ్వేటి బిగించేవా?" అని మా పనావిడని అడిగాను. "దాన్ని ముట్టుకోవద్దని మీరే అన్నారు కదమ్మా" అంది. నిజమే, అన్నాను. ముందు రోజు మూత వదులు చేయడం నేనే మరిచిపోయాను. అయినా ఆ రోజునుంచి ఆవిడ వంటగదిలోకి వెళితే నా కళ్లు వెనకే వెళ్లేవి.

వేసవి అలా గడిచింది. వాడు పాకాడు, మోకాళ్ల మీద లేచాడు, కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. నేల మీద అరచేతులు రుద్ది ఆ చేతులే చీకేవాడు. నా గుండె ఝల్లుమనేది కాదు, ఎందుకంటే ఆ నేల రుచి నాకు తెలుసు. ఒకరోజు మా అమ్మాయి డ్యూటీనుంచి వచ్చి వాడి పక్కనే చల్లటి గచ్చు మీద పడుకుని, చెంప ఆనించి, "బావుందమ్మా" అంది. దాని నోట ఆ మాట రావడం సామాన్యం కాదు. నేను లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాను.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఆషాఢంలో మొదలైన ముసురు మూడు వారాలు విడవలేదు. ఉతికిన గుడ్డ ఆరదు. డైపర్లు నేను కట్టనివ్వను. అందులో నీళ్లు పీల్చే పొడి ఏమిటో నాలిక మీద పెట్టి చూసే దారి లేదు కాబట్టి. అందుకని మంచం కింద ట్రంకు పెట్టె లాగాను. అందులో మా అమ్మ నేత చీరలు, నా పాత చీరలు మడతలు పెట్టి ఉన్నాయి. మూత తీయగానే మా అమ్మ వాసన వచ్చింది. కాసేపు అలాగే కూర్చున్నాను. రెండు చీరలు చించి గుడ్డలు చేశాను. మెత్తటిది ఒకటి ఉయ్యాల కట్టాను. ఇంకొకటి మడతపెట్టి కింద పరిచాను, మరొకటి వానగాలికి కప్పాను. రెండు తరాల ఒంటిమీద నలిగిన నూలు. ఇంతకంటే సహజమైంది ఏ కొట్లో దొరుకుతుంది?

మా పనావిడ ఆ ఉయ్యాల దగ్గర వంగి తుడుస్తూ ఆగింది.

"ఈ గుడ్డలు ఓపాలి ఉతికి, ఎండలో ఏసీసి కట్టండమ్మా" అంది.

"ఎండెక్కడున్నాది? అయినా మా అమ్మ చీరలవి. వాటికేటి మురికి?"

"మురికని కాదమ్మా..."

"మురికి కాపోతే మరేటి? నా గుడ్డలకి వంక పెట్టీదానివి అయిపోయేవా?"

ఆవిడ మాట మింగేసి గుడ్డ పిండుకుంది. గదిలో మూల సరిగ్గా తుడవలేదని అంతకు ముందు రోజే నేను గట్టిగా అన్నాను. దానికి ఇది జవాబు అనుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

వారం తిరగకుండా ఒక సాయంత్రం మా అమ్మాయి వాణ్ణి ఎత్తుకుని, వాడి మెడ దగ్గర మొహం పెట్టి ఆగిపోయింది.

"అమ్మా, వీడి దగ్గర ఏదో మందు వాసనత్తంది. ఫినాయిలు గాని వాడేవా?"

"నేనా? ఫినాయిలా?" అన్నాను. ఆరు నెలలుగా నాకి నాకి నిలబెట్టిన ఇల్లు. నా ముక్కుకి ఏ వాసనా తెలియలేదు. కానీ దాని ముక్కు ల్యాబు ముక్కు. అది అందంటే ఉండే ఉంటుంది. నేను తేలేదు. ఇంట్లోకి వచ్చిపోయే మనిషి ఇంకొకరే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి తీరిక లేదేమో, నాకుంది. మర్నాడునుంచి తుడిచే గుడ్డ వాసన చూశాను. బకెట్టు వాసన చూశాను. ఆవిడ నీళ్లు కలిపే వేళకి ఏదో పని ఉన్నట్టు వెళ్లి నిలబడ్డాను. నురగ లేకపోతే మురికి పోదని మొదటినుంచీ అంటున్న మనిషి, నేను చూడనప్పుడు సంచిలోంచి చుక్క తీసి వేయదని నమ్మకమేమిటి? ఆవిడ గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి వంగి ఆవిడ చీర కొంగు వాసన కూడా చూశాను. ఆవిడ చటుక్కున తిరిగింది.

"ఏటమ్మా?"

"ఏటీ లేదు. గ్యాసు వాసనేమో అని."

ఆవిడ నమ్మలేదు. నేను నమ్మించాలని ప్రయత్నించనూ లేదు.

ఆ తర్వాత రెండు రోజులకి, ఆవిడ పెరట్లో బట్టలు పిండుతుండగా, గుమ్మం పక్కన మేకుకి తగిలించిన ఆవిడ సంచి దింపాను. జిప్పు తీసి చెయ్యి పెట్టాను. ఒక దువ్వెన, మడత పెట్టిన గొడుగు, చిన్న బైబిలు, వాటి కింద ఒక సోడా సీసా. సీసాలో తెల్లటి నీళ్లు. ఫినాయిలు నీళ్లలో కలిపితే సరిగ్గా అలాగే ఉంటుంది. దొరికింది అనుకున్నాను. సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, ఆ క్షణం నాకు సంతోషం వేసింది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"గంజమ్మా అది" అంది ఆవిడ వెనకనుంచి.

గుమ్మంలో తడి చేతులతో నిలబడి ఉంది. గంజే. ఉప్పు వేసిన గంజి. ఇంకో రెండిళ్లు చేసుకుని మధ్యాహ్నం దాటాక ఇంటికి వెళ్లే మనిషి, మధ్యలో తాగడానికి తెచ్చుకున్న గంజి.

అప్పుడు నేను అనవలసిన మాట ఒక్కటే. అది రాలేదు. "నా ఇల్లు, నా మనవడు. నా జాగర్త నాది" అన్నాను. ఆవిడ నా చేతిలోంచి సీసా తీసుకుని, మూత బిగించి, సంచిలో పెట్టుకుంది. మిగిలిన గది తుడిచింది. గుడ్డ పిండి గోడ మీద ఆరేసింది. ఎప్పటిలాగే "వత్తానమ్మా" అని వెళ్లింది. మర్నాడు రాలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంది, అందుకే రాలేదని నాకు నేనే చెప్పుకున్నాను. గంజి సీసాలో ఉన్నది గంజే అయినా, దానితో పాటు ఇంకో సీసా ఉండేదేమోనని కూడా అనుకున్నాను. నా అనుమానానికి ఆధారం అక్కర్లేదు, గాలి తిని కూడా బతుకుతుంది.

ఇల్లు నేనే తుడవడం మొదలుపెట్టాను. నడుం పట్టేసింది. మూడో రోజు మా అమ్మాయి, "ఆ వాసన ఇంకా వత్తందమ్మా" అంది. అయితే గచ్చులోకి ఇంకిపోయిందన్నమాట, ఎన్నాళ్లనుంచి పోస్తోందో అనుకుని, సోడా నీళ్లు మూడు బకెట్లు పోసి కడిగాను. గచ్చు తడి, బయట వాన, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. వాణ్ణి నేల మీదకి దించకుండా రోజంతా ఉయ్యాల్లోనే ఉంచాను. తడి నేల మీద జారుతాడని, ఆ నేల మీద ఇంకా ఏమైనా ఉందేమోనని. వాడు పేచీ పెట్టలేదు. ఎంత బుద్ధిగా తొంగున్నాడో అని మురిసిపోయాను. పాలు సగమే తాగాడు. ముసురుకి ఆకలి మందగించిందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న పదింటికి వాడి గుడ్డ మార్చబోయి ఆగాను. గుడ్డ మీద టీ డికాషన్ రంగు. ఎర్రగా కాదు, పసుపుగా కాదు, నల్లటి టీ. వాణ్ణి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో కనురెప్ప తీసి చూశాను. తెల్లగుడ్డు పసుపు. పెదాలు పాలిపోయి ఉన్నాయి. వాడు నన్ను చూశాడు గానీ చేతులు చాచలేదు.

ఆ గుడ్డలతోనే, ఆ కప్పిన చీరతోనే వాణ్ణి గుండెలకి హత్తుకుని ఆటో ఎక్కాను. మా అమ్మాయి ల్యాబు కోటు విప్పకుండానే పిల్లల ఆసుపత్రికి వచ్చేసింది. డాక్టరు మా అమ్మాయి వయసు ఆడమనిషి. రక్తం తీయమని నర్సుకి చెప్పి, మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. ఏం తిన్నాడు, ఏం మందులు వేశారు, ఇంట్లో ఏమేం వాడతారు.

"మా అమ్మ ఏ కెమికలూ వాడదండి. అన్నీ తనే నోట్లో పెట్టుకుని చూసి వాడతాది" అంది మా అమ్మాయి. నన్ను వెనకేసుకొచ్చింది, ఆ స్థితిలో కూడా.

నేనేం చేశాను? "పనిమనిషి ఫినాయిలు పోసిందమ్మా. నాకు తెలీకండా పోసింది" అన్నాను.

డాక్టరు నా మాట వింటూనే వాడి మీదకి వంగింది. ఒక్క క్షణం ఆగి, వాడికి కప్పిన చీర చెంగు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఈ గుడ్డ ఎక్కడిదండి?"

"మా అమ్మ చీర. పెట్టెలోది."

"పెట్టెలో కలరా ఉండలు వేస్తారా?"

"వేత్తాను. ఏడాదికోసారి గుప్పెడు. పురుగు పట్టకండా."

"ఎన్నాళ్లనుంచి ఈ గుడ్డలు వాడుతున్నారు?"

"వానలు పట్టినకాడ్నుంచి" అన్నాను.

డాక్టరు అరవలేదు. నెమ్మదిగానే చెప్పింది. కొంతమంది మగపిల్లల రక్తం పుట్టుకతోనే ఆ ఉండలని తట్టుకోలేదట. మింగక్కర్లేదు, ఆ గుడ్డలో పడుకుని వాసన పీల్చినా చాలు, రక్తంలో ఎర్ర కణాలు పగిలిపోతాయట. వీడు అలాంటివాడో కాదో పరీక్షలో తెలుస్తుంది, ముందు ఆ గుడ్డలన్నీ తీసేయండి అంది. నర్సు వాడి ఒంటినుంచి మా అమ్మ చీర విప్పి ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి ముడివేసింది. ఆ ముడి చూస్తుంటే నాకు నా సిమెంటు గోనె గుర్తొచ్చింది.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నా చంకలో పిల్లాడితో పాటు నేను వెతుకుతున్న దొంగ కూడా ఉన్నాడు. ఆరు నెలలు ప్రతి చుక్కా నాకి చూశాను. ఇంట్లో నేను నాలిక మీద పెట్టి చూడనివి ఆ ఉండలొక్కటే. అవి నా లెక్కలో శుభ్రం చేసే సామాను కాదు. చీరలో భాగం.

మా అమ్మాయి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. బెంచీ మీద నా పక్కనే కూర్చుని, ఎదురుగా గోడ చూస్తూ, "ల్యాబులో ఆ వాసనత్తే కిటికీలు తీసీదాన్ని. నీ ఇంట్లో అనేసరికి నాకూ తోచలేదమ్మా. చిన్నప్పట్నుంచీ నీ చీర వాసన అదే కదా" అంది.

వాడికి రక్తం ఎక్కించారు. మూడో రోజుకి మూత్రం రంగు తేరింది. నాలుగో రోజు నర్సు గాజులు పట్టుకుని లాగాడు. పరీక్షలో డాక్టరు అనుమానమే నిజమైంది. ఆవిడ వాడికి తగలకూడనివన్నీ చీటీ మీద రాసిచ్చి, జాగ్రత్తగా ఉంటే మామూలుగానే పెరుగుతాడని చెప్పింది. మా అమ్మాయి వాణ్ణి తన ఇంటికే తీసుకెళ్లింది. పదిరోజులు సెలవు పెట్టింది. ఆ తర్వాత ఎక్కడ ఉంచుతుందో చెప్పలేదు, నేను అడగలేదు. అడిగే హక్కు నాకు మిగిలిందో లేదో తెలియలేదు.

ఎండ కాసిన రోజు ట్రంకు పెట్టె మేడ మీదకి చేర్పించాను. అడుగున కరిగి శనగగింజంత అయిన ఉండలు, కొత్తగా వేసినవి, అన్నీ ఏరి మూట కట్టి చెత్తబండివాళ్లకి ఇది ఫలానా అని చెప్పి మరీ ఇచ్చాను. చీరలు కుంకుడు రసంలో మూడుసార్లు ఉతికాను. వాసన పోలేదు. ఇన్నేళ్లూ మా అమ్మ వాసన అని దాచుకున్నది కొట్లో పొట్లం కట్టిచ్చే ఉండల వాసన. అసలు మా అమ్మ వాసన ఏమిటో ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రాలేదు. ఆ చీరలన్నీ తీసేశాను, ఒక్కటి కూడా ఉంచుకోలేదు. ఆ రోజు ఏడ్చాను.

ఆదివారం మధ్యాహ్నం రైలు గేటు దాటి మా పనావిడ ఇంటికి వెళ్లాను. చర్చినుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీర ఇంకా మార్చలేదు. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. నేను కూర్చోకముందే, "బాబు ఎలాగున్నాడమ్మా? ఆసుపత్రిలో ఏసేరని ఇన్నాను" అంది.

అంతా చెప్పాను. సంచి వెతికినందుకు, చీర వాసన చూసినందుకు, డాక్టరు ముందు కూడా తన మీదే చెప్పినందుకు, తప్పు నాదేనని చెప్పాను. ఆవిడ తన గాజులు తిప్పుకుంటూ వింది.

"గుడ్డలు ఎండేసి కట్టమని నేను సెప్పేను కదమ్మా. ఆ కలరా ఉండల ఘాటుకి నాకే తల తిరిగింది."

"సెప్పేవు."

"మరెందుకు ఇనలేదు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. వాన అనొచ్చు, మతిమరుపు అనొచ్చు. కానీ ఆవిడ నా కళ్లలోకి చూస్తోంది.

"సెప్పింది నువ్వు కాబట్టి" అన్నాను.

ఆవిడ తల ఊపింది, ముందే తెలిసిన జవాబు విన్నట్టు. "నేను వేరే ఇల్లు ఒప్పుకున్నానమ్మా. ఆ పనయ్యాక పదకొండింటికి రాగలను. అంతకు ముందు కుదరదు" అంది. అదే చాలన్నాను.

మర్నాడు పదకొండింటికి వచ్చింది. సంచి మేకుకి తగిలించలేదు. వంటగదిలో బల్ల మీద పెట్టి, జిప్పు పూర్తిగా తెరిచి, పనిలోకి దిగింది. దువ్వెన, గొడుగు, బైబిలు, గంజి సీసా అన్నీ కనబడుతున్నాయి. "అది మూసుకోమ్మా, నాకు సిగ్గేత్తంది" అన్నాను. "ఉండనియ్యండమ్మా. ఈ ఇంట్లో తెరిసే ఉంటాది" అంది. ఇప్పటికీ తెరిచే ఉంటుంది.

పదకొండో రోజు పొద్దున్న ఏడింటికి బెల్లు మోగింది. మా అమ్మాయి వాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. భుజాన వాడి సంచి. నేను అప్పుడే తలంటుకుని, ముందు రోజు ఎండలో ఆరిన చీర కట్టుకుని ఉన్నాను. చేతులు చాచాను. వాడూ చాచాడు. మా అమ్మాయి మాత్రం వాణ్ణి ఇవ్వలేదు. ఒక అడుగు ముందుకు వేసి, వంగి, నా భుజం దగ్గర ముక్కు పెట్టింది. కొంగు ఎత్తి వాసన చూసింది. నేను మా పనావిడ వెనక నిలబడి చూసినట్టే, అంత శ్రద్ధగానూ చూసింది. నేను చేతులు చాచుకునే నిలబడ్డాను. తర్వాత వాణ్ణి నా చేతుల్లో పెట్టి, "ఆరింటికి వత్తాను" అని మెట్లు దిగింది.

రోజూ అలాగే చూస్తుంది. నేనూ రోజూ అలాగే నిలబడతాను.